డిష్‌వాషర్‌లో కడిగిన ప్లేట్లు శుభ్రం కావడం లేదు: మూడుసార్లు వచ్చి చూసినా తీరని ఫిర్యాదు

తిరుపతి

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: రెండేళ్ల కిందట మీ దగ్గర కొన్న హుడ్ మోడల్ డిష్‌వాషర్ గురించి.

అయ్యా,

గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మాది టిఫిన్ హోటల్. కొండ దిగి వచ్చేవాళ్లు, కొండెక్కబోయేవాళ్లు తెల్లారకముందే వచ్చి కూర్చుంటారు. పోయిన శనివారం ఒక పెద్దావిడ నీళ్ల గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, చీర కొంగుతో తుడుచుకుని, "ఇది కడిగిందేనా నాయనా?" అని అడిగింది. అప్పుడే మీ మిషన్‌లోంచి తీసిన గ్లాసు అది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. అందుకే ఫోన్లు మానేసి ఉత్తరం రాస్తున్నాను.

మూడు నెలలుగా గ్లాసుల మీద తెల్లటి పొర, ప్లేట్ల మీద వేలికి తగిలే జిగురు. మీ టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి, ఎంగిలి సరిగా తియ్యకుండా పెడుతున్నారని మా పిల్లల్ని కసిరాడు. సరే, తప్పు మాదేనేమో అనుకున్నాం. అప్పటినుంచి ఫిల్టర్లు పూటపూటా కడుగుతున్నాం. మిషన్‌లో నీళ్లు చిమ్ముతూ తిరిగే చేతుల రంధ్రాల్లో ఇరుక్కున్న కరివేపాకు ఈనెలు, మిరప గింజలు పుల్లతో తీస్తున్నాం. ప్లేట్లు పేర్చి మిషన్‌లోకి తోసే ట్రేలో, అంటే రాకులో, ప్లేట్లు కుక్కడం మానేశాం. అయినా పొర పోలేదు.

రెండోసారి, ఒక్కో రాకుకు మునుపటికంటే చాలాసేపు పడుతోందని చెప్పాం. చివర్లో జాడించే రిన్సు నీళ్లు కాగేదాకా మిషన్ ఆగే అమరికను ఆపేసి, "ఇప్పుడు స్పీడుగా నడుస్తుంది" అని వెళ్లిపోయాడు. మూడోసారి డిటర్జెంట్ డోసు పెంచాడు. బోరు నీళ్ల సంగతి అడిగితే టీడీఎస్ మీటరు ముంచి బాగానే ఉందన్నాడు. ఆ మీటరు నీళ్లలో ఉప్పులన్నీ కలిపి చెబుతుందే తప్ప, గట్టితనం, అంటే సున్నం పట్టించే కాల్షియం లాంటివి, ఎంతో చెప్పదు. గట్టితనం తీసే సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని పట్టుకుని దాని బదులు సోడియం వదులుతుంది కాబట్టి, అది పనిచేసినా చెయ్యకపోయినా ఆ అంకె పెద్దగా మారదు. ఈ మాత్రం మీవాళ్లకు తెలిసి ఉండాలి.

తర్వాత మేమే చూసుకున్నాం. మసకబారిన గ్లాసును నిమ్మచెక్కతో రుద్దితే, రుద్దినంత మేర అద్దంలా మెరిసింది. అంటే అది సున్నపు పొర. ప్లేటు మీద టింక్చర్ అయొడిన్ చుక్క వేస్తే నల్లని నీలిరంగుకు తిరిగింది. అంటే ఇడ్లీ, పొంగలి గంజి ఇంకా అంటుకునే ఉంది. సాఫ్ట్‌నర్ దాటి వచ్చే నీళ్లలో సబ్బు రుద్దితే నురగ రాలేదు. మేము సాఫ్ట్‌నర్‌లో ఉప్పు క్రమం తప్పకుండా పోస్తూనే ఉన్నాం.

ఉదయం రద్దీలో మిషన్ దగ్గరే నిలబడి అంకెలు రాసుకున్నాను. మొదటి రాకుకు రిన్సు 83 డిగ్రీలు. నాలుగో రాకుకు 66. అక్కడ కనీసం 82 ఉండాలని మీ పుస్తకంలోనే ఉంది. రిన్సు నీళ్లే కింది వాష్ ట్యాంకులోకి దిగుతాయి కాబట్టి, 55కు తగ్గకూడని ఆ ట్యాంకు కూడా 48కి పడిపోయింది. ఆ గోరువెచ్చని నీళ్లలో నెయ్యి ఎలా వదులుతుంది, గంజి ఎలా వదులుతుంది?

నాకు అర్థమైంది ఇది. సాఫ్ట్‌నర్ చేతులెత్తేసింది. గట్టి నీళ్లు హీటరుకు సున్నం పట్టించాయి. హీటరు నిదానించింది కాబట్టే రాకుకు ఎక్కువసేపు పట్టింది. మీ మనిషి హీటరు విప్పి చూడకుండా, మిషన్ ఆగే అమరికనే తీసేశాడు. చల్లారిన నీళ్లతో ప్లేట్లు కడగబడకపోతే, దానికి మందుగా డిటర్జెంట్ పెంచాడు. మూడుసార్లు వచ్చి రోగాన్ని ముదరబెట్టి పోయాడని చెప్పడానికి నాకు బాధగా ఉంది, కానీ జరిగింది అదే. రాకులు అందుకునే అమ్మాయి వేళ్లు ఆ మందు ఘాటుకు పొక్కిపోయాయి. ఆమె ఇప్పుడు గ్లవుజులు వేసుకుని ప్రతి ప్లేటునూ మళ్లీ చేత్తో కడుగుతోంది. లక్షలు పోసి మిషన్ కొన్నది ఇందుకా?

ఈసారి నీళ్ల గట్టితనం కొలిచే కిట్టు తెలిసిన మనిషిని పంపండి. సాఫ్ట్‌నర్ ముందూ వెనకా నీళ్లు నా ఎదుటే కొలిచి, అంకెలు కాగితం మీద రాసివ్వాలి. సాఫ్ట్‌నర్‌లో కాల్షియాన్ని పట్టే రెజిన్ పాడైతే మార్చాలి. బాయిలర్ విప్పి హీటరు సున్నం తీయాలి, తీసినా వేడెక్కకపోతే హీటరే మార్చాలి. ఆపేసిన అమరికను మళ్లీ పెట్టి, డోసును మొదటి లెక్కకు తేవాలి. ఆ తర్వాత వరసగా పది రాకులు నడిపి, పదో రాకుకు కూడా రిన్సు 82 తగ్గలేదని చూపిస్తేనే సర్వీస్ కాగితం మీద సంతకం పెడతాను. మాకు వార్షిక సర్వీస్ ఒప్పందం ఇంకా నడుస్తోంది కాబట్టి ఈ రాకకు డబ్బు కట్టను. అనవసరంగా వాడించిన డిటర్జెంటు బిల్లులు జతచేశాను, ఆ మొత్తం తిరిగి ఇవ్వాలి.

తమిళుల పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు ముందున్నాయి. అప్పుడు తమిళనాడు నుంచి వచ్చే జనానికి మా దగ్గర ప్లేటు ఆరే టైము కూడా ఉండదు. వారం లోపల మనిషి రావాలి. ఏ రోజు వస్తాడో ముందుగా రాతపూర్వకంగా తెలియజేయండి. పది గంటల తర్వాత వస్తే కుదరదు. ఉదయం ఏడింటికి, రద్దీలోనే వచ్చి చూడాలి.

ఇట్లు,
టిఫిన్ హోటల్ యజమాని,
తిరుపతి

జత: మూడు సర్వీస్ కాగితాల నకళ్లు, డిటర్జెంటు బిల్లులు, గ్లాసు, ప్లేటు ఫొటోలు