ఫాంటమ్‌కు మహిమలెందుకు?

సంపాదకులకు నమస్కారం.

కామిక్స్ ఆధారంగా వచ్చిన సాహస చిత్రాల గురించి మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించిన వ్యాసం 1996 నాటి ‘ది ఫాంటమ్’ను ఒక్క వాక్యంతో తేల్చివేసింది. ఊదారంగు దుస్తులు తొడుక్కుని, ముసుగుతో గుర్రమెక్కి తిరిగే కథానాయకుణ్ణి చూసి ప్రేక్షకులు నవ్వుకున్నారని వ్యాసకర్త అభిప్రాయం. సుమారు 4.5 కోట్ల డాలర్లతో తీసిన ఆ చిత్రం అమెరికాలో 1.7 కోట్ల దగ్గరే ఆగిపోయిన మాట నిజమే గాని, అందుకు దుస్తులను తప్పుపట్టడం సమంజసంగా లేదు.

అవే దుస్తులను మన దేశపు పాఠకులు ఇంద్రజాల్ కామిక్స్‌లో ఏళ్ల తరబడి అభ్యంతరం లేకుండా ఆదరించారు. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964లో ఆ సిరీస్‌ను ఫాంటమ్ కథతోనే మొదలుపెట్టింది; 1990లో అది మూతపడేదాకా, అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిన సంచికల కోసం సైతం పిల్లలు పోటీపడేవారు.

అమెరికా రచయిత లీ ఫాక్ 1936లో ప్రారంభించిన ఈ కథకు ఆయువుపట్టు, ఫాంటమ్‌కు ఏ మహిమా లేకపోవడమే. సముద్రపు దొంగల దాడిలో తండ్రిని పోగొట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక యువకుడు దుర్మార్గాన్ని ఎదిరిస్తానని ఆ హంతకుడి పుర్రె మీద ప్రమాణం చేస్తాడు. అతని తరువాత కొడుకు, ఆ తరువాత మనవడు అదే ముసుగు ధరిస్తూ వస్తారు కనుక, నాలుగు వందల ఏళ్లుగా ఒకే మనిషి బతికి ఉన్నాడని అడవి అంతా నమ్ముతుంది. అసలు గుట్టు పాఠకుడికి తెలుసు. ముందు తరాల ఫాంటమ్‌లు 20 మందీ పుర్రె గుహలో సమాధి అయ్యారనీ, కత్తి దిగితే 21వ వాడికీ అదే గతి అనీ తెలిసి చదువుతాడు కాబట్టే ఉత్కంఠ పుడుతుంది.

దర్శకుడు సైమన్ విన్సర్ ఈ సంగతి గ్రహించినట్టే చిత్రాన్ని ఆరంభించారు. కథను 1938లోనే ఉంచారు. ఫాంటమ్‌గా బిల్లీ జేన్ ఎక్కడా వెటకారం ధ్వనించకుండా నటించారు. లారీలో కట్టిపడేసిన కుర్రవాణ్ణి, తాళ్ల వంతెన తెగిపోతుండగా ఫాంటమ్ విడిపించే తొలి ఘట్టంలో ఉన్నదంతా కండబలం, సమయస్ఫూర్తి, మరో క్షణం ఆలస్యమైతే ఏమౌతుందోనన్న భయం.

తీరా అసలు కథలోకి వచ్చేసరికి బంగారం, వెండి, జేడ్ అనే పచ్చరాయి పుర్రెలు మూడు ఒకచోట చేరితే లోకాన్ని శాసించే శక్తి పుడుతుందన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. వాటన్నిటినీ అదుపు చేసే నాలుగో పుర్రె ఫాంటమ్ వేలి ఉంగరంలోనే ఉందని ముగింపులో తేల్చారు. కామిక్స్‌లో ఆ ఉంగరం పని ఒక్కటే: దవడ మీద గుద్దు పడితే దుర్మార్గుడి ముఖాన చెరగని పుర్రె ముద్ర మిగల్చడం. దానిని మంత్రాయుధం చేశాక పిడికిలికి విలువేముంది? పైగా పాట్రిక్ మెక్‌గూహన్ పోషించిన తండ్రి, చనిపోయాక కూడా ప్రత్యక్షమై కొడుకుతో మాట్లాడుతుంటాడు. కామిక్స్‌లో తండ్రులు కొడుకులకు వదిలి వెళ్లేది గుహలో వరుసగా పేర్చిన చరిత్ర గ్రంథాలను. ఆత్మలే వచ్చి సలహాలు చెప్పే చోట ఆ గ్రంథాలు ఎవరికి కావాలి?

స్క్రీన్‌ప్లే రాసిన జెఫ్రీ బోమ్, 1989లో వచ్చిన మూడో ఇండియానా జోన్స్ చిత్రానికి కూడా రచయిత. అక్కడ కథానాయకుడు మామూలు ప్రొఫెసర్ కాబట్టి మహిమగల వస్తువు ఎదురైతే కథ రక్తి కట్టింది. ఇక్కడ కథానాయకుడే ఒక కట్టుకథను నాలుగు శతాబ్దాలుగా నిలబెడుతున్న వంశంలోని మనిషి. అతని పక్కన నిజమైన మాయను నిలబెడితే ఆ వంశం పడిన శ్రమకు అర్థమే లేకుండా పోతుంది.

కనుక ఈ చిత్రం గురించి మళ్లీ రాసే సందర్భం వస్తే, వ్యాసకర్త దుస్తుల సంగతి విడిచిపెట్టి స్క్రీన్‌ప్లేను పరిశీలించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి