దెయ్యమంటే ఆడదేనా?

సంపాదకుడు గారికి,

మా బ్రాడీపేట గోడల మీద దెయ్యం సినిమా పోస్టరు పడిందంటే విరబోసుకున్న జుట్టు, కారిన కాటుక, తెల్లచీర ఉండాల్సిందే. కథా అంతే. ఎవడో అన్యాయం చేసి చంపేస్తాడు, ఆమె పగబట్టి వస్తుంది, చివరికి మంత్రగాడు ఆమెను బంధిస్తాడు. హాలంతా ఈలలు! న్యాయం అడిగినామెకు రెండో చావు. 2005 నాటి ‘చంద్రముఖి’లో నర్తకి ప్రియుణ్ణి చంపి, ఆమెను సజీవంగా తగలబెట్టింది రాజు. మనల్ని భయపెట్టేది మాత్రం ఆమె.

కోడి రామకృష్ణ గారి ‘అరుంధతి’ (2009) దీన్ని తిరగేసింది. పీడించే ప్రేతం మగవాడు, ఎదిరించేది ఆడది. జనం నెత్తిన పెట్టుకున్నారు. ‘మసూద’ (2022)లో దెయ్యం ఆడదే అయినా, కూతురి కోసం ఒంటరి తల్లి పడే తపన మరచిపోలేం.

అసలు బాధ తెర బయట ఉంది. కొత్త కోడలు ముభావంగా ఉన్నా, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి లాక్కెళ్లే ఇళ్లు ఇంకా ఉన్నాయి. జుట్టు పట్టుకుని వేపమండలతో కొడతారు. ఆ దెబ్బల్ని కామెడీగా తీసే దర్శకులు గుంటూరు జీజీహెచ్ మానసిక వైద్య విభాగం ముందు ఒక్క పూట కూర్చుని, ఆ తర్వాత కథ రాసుకోవాలని నా మనవి.

– ఒక ప్రేక్షకురాలు, బ్రాడీపేట, గుంటూరు