మ్యూజియంలో ఆ బాంబు

విశాఖపట్నం

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండు రోజులుగా నా మనసులోంచి పోవడం లేదు. నవంబర్ 11న అక్కడ బ్రిటన్‌లో మీ ఆఫీసులో, ప్రపంచ యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలచుకుంటూ అందరూ ఎర్రపువ్వు పెట్టుకుని రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారనీ, పక్క సీటమ్మాయి "ఆ యుద్ధాల్లో మీవాళ్ళు కూడా ఉన్నారా?" అని అడిగితే "మాకేం సంబంధం లేదు" అనేశాననీ చెప్పావు. తప్పు నీది కాదు తల్లీ. మనింట్లో జరిగిన సంగతే నిన్ను కూర్చోబెట్టి చెప్పలేదు నేను.

చిన్నప్పుడు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంకి తీసుకెళ్తే, అక్కడున్న బాంబు చూసి "ఇది పేలుతుందా నాన్నా?" అని నా వెనక్కి దాక్కున్నావు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు మన ఊరి మీద వేస్తే పేలకుండా మిగిలిపోయిన బాంబు అది. 1942 ఏప్రిల్ 6, సోమవారం. అదే రోజు కాకినాడ మీద కూడా వేశారు.

మీ నాయనమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా హార్బరు వైపు నుంచి చప్పుడు వినబడిందట. వాళ్ళ నాన్న ఆ సాయంత్రమే ఎడ్లబండి కట్టించి ఆడవాళ్ళనీ పిల్లల్నీ చోడవరం పంపేశారు. పైనుంచి కనబడుతుందని బండికి లాంతరు కూడా కట్టలేదు. పప్పు గిన్నె పొయ్యి మీదే వదిలేసి వచ్చామని ఇప్పటికీ చెప్తుంది. దారి పొడవునా జనమేనట, మంచాలూ బిందెలూ మేకలూ నెత్తిన మూటలూ.

ఈ యుద్ధంలోకి మనం కావాలని దిగలేదు. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. మన నాయకుల్లో ఒక్కరినీ అడగలేదు. ఆ కోపంతోనే రాష్ట్రాల్లో ఉన్న కాంగ్రెస్ ప్రభుత్వాలన్నీ రాజీనామా చేశాయి. అయినా 25 లక్షల మంది సైన్యంలో చేరారు. బలవంతపు భర్తీ లేదు. కొందరిని నమ్మకం నడిపించింది, చాలామందిని ఇంట్లో ఆకలి నడిపించింది. ఆఫ్రికా ఎడారుల్లో, ఇటలీ కొండల్లో, బర్మా అడవుల్లో పోరాడారు. దాదాపు 87 వేల మంది తిరిగి రాలేదు. 1944లో ఇంఫాల్ దగ్గర బ్రిటిష్ సైన్యంలో ఉన్నదీ మనవాళ్ళే, జపాన్ పక్కన ఆజాద్ హింద్ ఫౌజులో ఉన్నదీ మనవాళ్ళే. అది తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

తుపాకీ పట్టనివాళ్ళ సంగతి ఇంకా ఘోరం. శ్రీకాకుళం నుంచి, గోదావరి జిల్లాల నుంచి కూలికోసం రంగూన్ వెళ్ళిన మనవాళ్ళు, బర్మా జపాన్ చేతికి పోతుంటే పిల్లల్ని భుజాన వేసుకుని అడవులూ కొండలూ దాటి నడిచొచ్చారు. రాలేనివాళ్ళు దారిలోనే పోయారు. అటు బర్మా బియ్యం ఆగిపోయింది. ఇటు బెంగాల్ తీరంలో, జపాన్‌కి దొరకకూడదని ప్రభుత్వమే పడవల్ని లాక్కుంది, ధాన్యాన్ని తరలించింది. యుద్ధం ఖర్చుతో ధరలు మండిపోయాయి. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. బాంబు పడి కాదమ్మా, గంజి దొరక్క. సైనికుల పేర్లయినా రాళ్ళ మీద చెక్కారు. వీళ్ళ పేర్లు ఎవరు రాసుకున్నారు?

ఆ అమ్మాయిని నేను తప్పుపట్టడం లేదు. వాళ్ళ తాతలూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. కానీ ఈసారి అడిగితే "మాకేం సంబంధం" అనకు. మమ్మల్ని అడక్కుండా దించారనీ, దిగాక మావాళ్ళు ఇచ్చింది ఇంత అనీ చెప్పు.

లండన్‌లో హైడ్ పార్క్ కార్నర్ దగ్గర, కాన్‌స్టిట్యూషన్ హిల్ మీద మెమోరియల్ గేట్స్ ఉన్నాయి. మన ఉపఖండం, ఆఫ్రికా, కరీబియన్ సైనికుల కోసం 2002లో కట్టారు. పక్కనున్న చిన్న మంటపంలోకి వెళ్ళి తలెత్తి చూడు, లోకప్పు మీద మనవాళ్ళ పేర్లున్నాయి. ఆదివారం వీలు చూసుకుని ఫొటో తీసి పంపు. నాయనమ్మకి చూపిస్తాను.

ఇక్కడ నేవీ డే రిహార్సల్స్ మొదలవబోతున్నాయి. జెట్ విమానాలు కిందుగా వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఇప్పటికీ వంటింట్లోకెళ్ళి స్టవ్ ఆపేస్తుంది.

ఆశీస్సులతో,
నాన్న