ఆరోగ్య కమిటీ వార్షిక నివేదిక, కాలనీ నివాసుల సంఘం, అనంతపురం

సభ్యులకు నమస్కారం. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. కాలనీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుందా లేదా అన్నది ఎండాకాలం మీటింగులో చేతులెత్తించి తేల్చబోయాం. ఎక్కువ చేతులు నీళ్లు మంచివే అన్నాయి. చేతులకేం తెలుసు? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా చెప్పాల్సింది ల్యాబు. శాంపిల్ పంపితే దాటిందనే వచ్చింది. ఆ బోరు ఇప్పుడు వాడకానికే, తాగడానికి కాదు.

ఓఆర్‌ఎస్ ఇంకా తేలిక. లీటరు నీళ్లకు ప్యాకెట్ మొత్తం. మనవాళ్లు గ్లాసుకింత చల్లుతుంటే లీటరు బాటిల్‌లో కలిపి చూపించాం. దీనికోసం కమిటీ రెండుసార్లు కూర్చోవడం దండగే.

బోల్తా పడింది గర్భిణుల రక్తహీనత దగ్గర. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. తగ్గకుండా రోజుకో ఐరన్ మాత్ర, 180 రోజులు. ఇదీ ఓఆర్‌ఎస్ లాంటిదే అనుకుని మైకు పెట్టి చెప్పి ఇంటికొచ్చేశాం. నెల తర్వాత ఒకింట్లో దేవుడి పటం వెనక మాత్రల షీటు కనబడింది. పది మాత్రల్లో రెండే ఖాళీ అయ్యాయి. "దొడ్డికి నల్లగా పోతాంది, బిడ్డ కూడా నల్లగా పుడతాదేమోనని మా అత్త వద్దనింది" అందా అమ్మాయి. పక్కింట్లో వికారం. ఎదురింట్లో రోజూ వేసుకుంటున్నారు, కానీ టీతో. టీ ఇనుమును ఒంటికి పట్టనీయదు. మాత్ర ఒకటే, చిక్కు ఇంటికొకటి.

2002లో కెనడా ఆరోగ్య కమిషన్‌కు రాసిన పత్రంలో గ్లౌబర్‌మన్, జిమ్మర్‌మన్ అనేవాళ్లు సమస్యల్ని మూడుగా విడదీశారు: కొలత చూసి వంట చేయడం, చంద్రుడి మీదికి రాకెట్ పంపడం, బిడ్డను పెంచడం. మొదటిదానికి కొలత చాలు, రెండోదానికి నిపుణులు కావాలి. మూడోదాంట్లో పెద్దబిడ్డను పెంచిన అనుభవం ఉన్నా చిన్నబిడ్డ దగ్గర గ్యారంటీ లేదు. మేం బిడ్డను పెంచే పనికి వంట కొలత పట్టుకెళ్లాం.

తర్వాత ఒక్క వీధితో, ఒక్కో మార్పునీ రెండేసి వారాలు చేసి చూడటం మొదలుపెట్టాం. మాత్రను రాత్రి సంగటి తిన్నాక వేసుకోమన్నాం. ఆశా కార్యకర్త అత్తలనే కూర్చోబెట్టి, ఆ నలుపు మందుదేనని చెప్పింది. వాట్సాప్‌లో గుర్తుచేసే మెసేజ్‌లు ఎవరూ చూడలేదు, మానేశాం. షీట్లు ఖాళీ అవుతున్నాయి. అదే పద్ధతి రెండో వీధిలో పారలేదు. అక్కడ చాలా ఇళ్లలో అత్తలు లేరు, భర్తలతో మాట్లాడి చూస్తున్నాం. మూడో వీధికి ఇద్దరు కావాలి. వచ్చేవాళ్లు ఆదివారంలోగా కార్యదర్శికి పేర్లివ్వగలరు.