బోర్డులో కూర్చోబోతున్న మిత్రుడికి

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్లుగా ఉద్యోగం ముగించుకుని, రాత్రిళ్లు కూర్చుని ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపుతూ వచ్చిన సాఫ్ట్‌వేర్‌కు ఇప్పుడు ఫౌండేషన్ బోర్డు సభ్యుడివయ్యావని తెలిసి చాలా సంతోషించాను. అయితే చివర్లో నువ్వు అడిగిన ప్రశ్న, "బోర్డులో మాట్లాడుకున్నదంతా బయట చెప్పాలా?" అన్నది, రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ఉత్తరం పొడవైనా ఓపిగ్గా చదువు.

ఈ ప్రశ్న రాగానే నాకు రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష గుర్తుకు వచ్చింది. 2020 ఆగస్టులో, ఆ భాషను పెంచి పోషించిన మొజిల్లా సంస్థ సుమారు 250 మంది ఉద్యోగులను తొలగించిన తర్వాత ఆ భాషకు స్వతంత్రమైన ఆధారం కావలసి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఫౌండేషన్ ఏర్పడింది. డబ్బు ఇచ్చే కంపెనీల ప్రతినిధులూ, భాషను తయారుచేసే వారి ప్రతినిధులూ బోర్డులో ఉంటారు. రెండు పక్షాల్లోనూ మెజారిటీ లభిస్తేనే తీర్మానం నెగ్గుతుంది. నియమావళి మాత్రమే చదివితే ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు ఉండదనిపిస్తుంది. అయినా 2023 ఏప్రిల్‌లో ట్రేడ్‌మార్క్ విధానం ముసాయిదా బయటికి రాగానే, తమ ప్రాజెక్టు పేరులో 'రస్ట్' అన్న మాట పెట్టుకోవచ్చో లేదో తెలియక ఎందరో ఆందోళన పడ్డారు. ముసాయిదా వెనుక నెలల పని ఉంది, దాన్ని రాసినవారిది చెడు ఉద్దేశమూ కాదు. కానీ ఆ నెలల్లో ఏ అంశాలపై తర్జనభర్జన జరిగిందో, ఫలానా షరతు ఎందుకు అవసరమైందో బయటివారికి అందలేదు. పైగా అభిప్రాయాలను ఒక ఫారం ద్వారా తీసుకున్నారు. ఒకరు రాసింది మరొకరికి కనిపించదు. దాంతో అడగడం నిజంగా అడగడమేనా, లేక నిర్ణయం అయిపోయాక లాంఛనమా అన్న అనుమానం పుట్టింది. విధానాన్ని మళ్లీ మొదటి నుంచి రాయవలసి వచ్చింది.

అదే సంవత్సరం మే నెలలో జరిగింది నన్ను ఇంకా బాధపెట్టింది. రస్ట్ వార్షిక సదస్సులో కీలకోపన్యాసం చేయమని ఒక వక్తను పిలిచి, తర్వాత దాన్ని మామూలు ప్రసంగంగా మార్చారు. నాయకత్వంలో కొందరికి అభ్యంతరాలు ఉన్నాయి. అవి ఆంతరంగిక సంభాషణల్లో తిరిగి, సరైన ఓటింగ్ లేకుండానే సదస్సు నిర్వాహకులకు చేరాయి. వక్త సదస్సు నుంచే తప్పుకున్నారు. నిర్ణయం ఎవరిదో మొదట ఎవరూ చెప్పలేకపోయారు, నెలాఖరుకు బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. జూన్‌లో ప్రతి ప్రధాన బృందం నుంచి ప్రతినిధులతో కొత్త నాయకత్వ మండలి బాధ్యత తీసుకుంది.

వీటన్నిటినీ చూశాక నాకు తోచింది ఇది, రఘూ. మనిషికి సంబంధించిన విషయాన్ని గోప్యంగా ఉంచవచ్చు, చాలాసార్లు ఉంచే తీరాలి. ఫిర్యాదు చేసినవారి పేరో, ఒకరి జీతమో, న్యాయవాది ఇచ్చిన సలహానో బయట పెట్టమని నేను అనను. కానీ ఎవరు నిర్ణయించారు, ఏ అధికారంతో, ఎంతమంది ఒప్పుకున్నారు, ఎవరికి అప్పీలు చేసుకోవాలి అన్నవి ఎప్పుడూ గోప్యం కాకూడదు. మొదటిదాన్ని కాపాడాలనే మంచి ఉద్దేశంతోనే మనం రెండోదాన్ని కూడా మూసేస్తాం.

డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను స్వచ్ఛందంగా తయారుచేసే వారి అనుభవం కూడా తెలుసుకో. సమస్యలను దాచిపెట్టబోమని 1997లోనే తమ సామాజిక ఒప్పందంలో రాసుకున్నవారు వారు. సభ్యుల ఆంతరంగిక సంభాషణలను మూడేళ్ల తర్వాత బహిర్గతం చేయాలని 2005లో ఓటు వేశారు, కానీ వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించే పని చేయడానికి మనుషులు దొరకలేదు. చివరికి 2016లో మళ్లీ ఓటు వేసి, అవి ఆంతరంగికంగానే ఉంటాయని ఒప్పుకున్నారు. నిలుపుకోలేని మాటను అందరి ముందూ వెనక్కి తీసుకోవడాన్ని నేను గౌరవిస్తాను.

మన తెలుగు స్థానికీకరణ బృందంలో జరిగింది నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 'దస్త్రం' అన్న మాటను తీసేసి 'ఫైలు' అని పెడదామని ముగ్గురం ఫోన్‌లో అనుకుని మార్చేశాం. ఆ మాటతో వందల వాక్యాలు అనువదించిన ఒక కుర్రవాడికి తన వాక్యాలు మారాకే సంగతి తెలిసింది. మేము చెప్పిన కారణాలు అతడు కాదనలేదు, కానీ "ముందే అడిగి ఉంటే నేనే మార్చేవాణ్ని" అని ఒక్కమాట అని, ఆ తర్వాత రావడం మానేశాడు. ఆ మార్పు సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. అతడు వెళ్లిపోయిన లోటు మాత్రం తీరలేదు.

మీ మొదటి సమావేశంలో మినిట్స్ రాసే పనికి ఎవరూ ముందుకు రాకపోతే నువ్వే తీసుకో. తీర్మానం ఒక్కటే కాకుండా, తోసిపుచ్చిన ప్రత్యామ్నాయాన్నీ దాని కారణాన్నీ రెండు వాక్యాల్లోనైనా రాయి. ఏదైనా గోప్యమైతే, "ఒక సిబ్బంది విషయం చర్చించాం, ఇంతమంది ఓటు వేశారు" అని ఆ మేరకైనా ఉండనీ. అవి ప్రచురించే తేదీని కూడా సమావేశంలోనే ఖాయం చేయించు. ప్రచురించాక నాకు ఒక ప్రతి పంపు. బయటివాడిగా చదివి, ఎక్కడ అర్థం కాలేదో గుర్తు పెట్టి పంపుతాను.

నీ
శ్రీనివాస్