తయారీ ఆగేదాకా ఫైలు కదలదా?

సంపాదకుడు గారికి,

సైనిక రవాణా విమానాల కొరతపై పోయిన బుధవారం మీరు వేసిన వార్త లోపలి పేజీలో ఒక మూలన ఉంది. సినిమావాళ్ల పెళ్లికి మొదటి పేజీ, దీనికి ఎనిమిది లైన్లా? నాలుగు రోజులుగా మనసు ఆగక రాస్తున్నాను.

1988 నవంబరు 3న మాల్దీవుల్లో కిరాయి సైనికులు తిరుగుబాటుకు దిగారు. సాయం చేయమని కబురొచ్చిన రోజు రాత్రికే మన పారాట్రూపర్లు ఆగ్రాలో ఐఎల్-76 అనే భారీ రవాణా విమానాలెక్కి మాల్దీవుల విమానాశ్రయమున్న హుల్‌హులే దీవిలో దిగారు. ఎంత మంచి సైన్యమున్నా మోసుకెళ్లే విమానం లేకపోతే ఆ రాత్రి ఏం చేసేవాళ్లం? ఆ ఐఎల్-76లు వాయుసేనలో చేరింది 1985లో. ఇప్పటికీ వాటి మీద ఆధారపడుతూనే ఉన్నాం.

అమెరికా కంపెనీ బోయింగ్ చేసిన సీ-17 రవాణా విమానమైతే డెబ్బై టన్నులకు పైగా మోస్తుంది, యుద్ధ ట్యాంకు కూడా పడుతుంది. 2023లో తుర్కియే భూకంపానికి సైనిక ఆసుపత్రిని, ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) వాళ్లను అక్కడి అదానా నగరానికి చేర్చింది అవే. 2011లో పది ఆర్డరిచ్చాం. మరో మూడు కొందామని 2014 చివర్లో అనుమతిచ్చేసరికి బోయింగ్ తయారీ ఆపేస్తోంది. మనకు దొరికింది ఒక్కటే, అదీ 2019లో వచ్చింది. మొత్తం పదకొండు. ఇక ఎంత డబ్బు పోసినా కొత్తది రాదు. ఈ ఆలస్యానికి ఎవరైనా జవాబు చెప్పారా? సీ-295 అనే చిన్న రవాణా విమానాలు 56 తీసుకుంటున్నారు, సంతోషమే. కానీ ఒక్కొక్కటి మోసేది పది టన్నుల లోపే.

మా వీధి కాలువ పూడిక తీయమని ఒక ఆఫీసులో అర్జీ పెట్టి ఏడాది దాటింది. ఎప్పుడు వెళ్లినా పైవాళ్ల సంతకం కావాలంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మేడమీద పసిపిల్లలతో కూర్చుని, హెలికాప్టర్ చప్పుడు కోసం చెవులు రిక్కించినవాళ్లం మేము. సమయానికి వచ్చే విమానం విలువ మాకు ఒకరు చెప్పక్కర్లేదు. సంతకాల కోసం ఫైళ్లు ఆపేవాళ్లు ఒక్క రాత్రి ఆ మేడమీద ఉండి ఉంటే బాగుండేది.

మధ్యస్థాయి రవాణా విమానాల కోసం మన వాయుసేన కంపెనీలను వివరాలడిగింది 2022 డిసెంబరులో. ఐఎల్-76ల స్థానంలో ఏవి వస్తాయి, ఏ ఏడాది వస్తాయి? మన ఎంపీలు పార్లమెంటులో ఈ రెండు ప్రశ్నలూ అడగాలి. వచ్చిన జవాబును మీరు మొదటి పేజీలో వేయాలి.

- ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ