మరుసటి రోజు ఫోటో సరే, ముందురోజు ఒక్క లైను వేయండి

సంపాదకులకు,

అయ్యా,

పోయిన నెల మీ పేపరు జిల్లా పేజీలో కింద మూలన ఒక చిన్న ఫోటో వచ్చింది. మా కడపలోనే ఒక గుడి ముందు ఆడిన పద్యనాటకం, కాటిసీను. భుజాన కట్టెతో హరిశ్చంద్రుడు, ఎదురుగా చంద్రమతి. మామూలుగా అయితే కింద పేర్లు చదివి పేజీ తిప్పేసేవాణ్ణి. కానీ వాళ్ళ వెనకున్న తెర చూసి, కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశాను. ఆ తెర నేను వేసింది.

ఎట్లా గుర్తుపట్టానంటే, చుక్కను బట్టి. 1993లోనో 94లోనో ఒక నాటక సమాజం వాళ్ళు శ్మశానం తెర కావాలని అడిగారు. కోరా గుడ్డకు జిగురు పట్టించి, పొడి రంగులు కలుపుకొని వారం రోజులు మిద్దె మీద కూర్చొని వేశాను. చెట్టు, సమాధులు, పైన నెలవంక. నెలవంక పక్కన బోసిగా ఉందనిపించి, దాని రెండు కొమ్ముల నడుమ ఒక చుక్క పెట్టాను. మొదటి ఆట రోజు జనంలో ఒక సైన్సు అయ్యవారు కూర్చున్నారు. ఆట అయిపోయాక నన్ను పిలిచి, "తెర బాగుందప్పా. కానీ నెలవంక లోపల నల్లగా ఉండేది కూడా చంద్రుడే కదా. చంద్రుడికి ఇవతల చుక్క యాడి నుంచి వచ్చింది?" అన్నారు. తల తీసేసినట్టయింది. తెర తెప్పించి ఆ చుక్క మీద నల్లరంగు పూయాలనుకుంటూనే ముప్పై ఏళ్ళు గడిపేశాను. మీ ఫోటోలో ఆ చుక్క అట్లాగే మెరుస్తోంది.

ఆ నాటకం ఆడింది మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆ రాత్రి నేను టీవీ ముందు కుర్చీలో నిద్రపోతున్నాను.

మీ మీద కోపంతో రాయడం లేదు. మీరు ఫోటో వేశారు కాబట్టే నాకు తెలిసింది. అయితే అదే పేజీలో పైన 'నేడు' అని ఒక పట్టీ ఉంటుంది కదా. ఏ వీధిలో కరెంటు కోత, ఎక్కడ కుళాయి నీళ్ళు రావు, ఏ నాయకుడు ఎన్ని గంటలకు ఎక్కడ రిబ్బను కత్తిరిస్తాడు, అన్నీ ముందే వేస్తారు. హరికథ, చెక్కభజన, పద్యనాటకం మాత్రం అయిపోయాకే వేస్తారు. అది కూడా వచ్చిన అతిథుల పేర్లతో. హార్మోనియం వాయించిన మనిషి పేరు ఎప్పుడో గానీ ఉండదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నాకిప్పుడు అరవై ఏడు. ఎర్రముక్కపల్లిలో ఉంటాను. ముప్పై ఐదేళ్ళు బోర్డు ఆర్టిస్టును. అంగళ్ళ బోర్డులు, లారీల వెనక పద్యాలు, ఆటోల మీద పిల్లల పేర్లు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, ఎన్నికలప్పుడు అన్ని పార్టీల గుర్తులూ రాశాను. దారానికి సుద్ద పూసి, రెండు కొసలా పట్టుకొని గోడకు టప్పున కొడితే గీత పడుతుంది చూడండి, ఆ చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం. 2005లో ఇంగ్లీషులో మా ఊరి స్పెల్లింగు Cuddapah నుంచి Kadapaకు మార్చినప్పుడు కొన్ని నెలలు చేతి నిండా పని దొరికింది. పాత స్పెల్లింగులో సగం అక్షరాలు ఎందుకున్నాయో నాకెప్పుడూ అర్థం కాలేదు గానీ, అవి చెరిపినందుకు కూడా డబ్బులిచ్చారు. తెలుగులో మాత్రం అదే క, అదే డ, అదే ప. 2010లో జిల్లా పేరు మారేసరికి ఫ్లెక్సీ వచ్చేసింది. నాకు ఒక్క బోర్డు కూడా రాలేదు.

ఇదంతా ఎందుకంటే, ఒకప్పుడు ఊరికి కబురు చెప్పింది నాలాంటి వాళ్ళ చేతులే. నాటకం ఉందంటే రిక్షాకు రెండు పక్కలా అట్టలు కట్టి, వాటి మీద నేను రాసేవాణ్ణి. లోపల ఒకడు మైకు పట్టుకొని ఏడురోడ్ల కూడలి నుంచి దేవుని కడప దాకా తిరుగుతూ కరపత్రాలు చల్లేవాడు. పిల్లకాయలు వెంట పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడు నాటకం వాళ్ళు వాట్సాప్ గ్రూపులో పెడతారంట. ఆ గ్రూపులో ఉండేది ఆ నాటకం ఆడేవాళ్ళే! కూడలిలో ఫ్లెక్సీ కట్టాలంటే, పుట్టినరోజు నాయకుల మొహాల మధ్య జాగా దొరకదు.

నాటకమంటే మన జిల్లాకు కొత్తదేమీ కాదు. సురభి ఊరు మన చక్రాయపేట మండలంలోనిదే. తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు 1885లో అక్కడ 'కీచక వధ' ఆడి, బొమ్మల బదులు మనుషులే తెర ముందుకొచ్చారు. మీసాలు గొరిగించుకొని మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు రంగమెక్కారు. నా పద్నాలుగో ఏట సురభి నాటకం చూశాను. నేలటిక్కెట్టు. ఘటోత్కచుడు గాల్లోకి లేస్తే జనమంతా పైకి చూశారు, నేను మాత్రం పక్కకు చూశాను, తీగ ఎక్కడుందో అని. తీగ కనపడలేదు. కనపడింది తెర. అడవి తెర పైకి పోయి దర్బారు తెర దిగడానికి రెప్పపాటు పట్టలేదు. స్తంభాల వెనక స్తంభాలు, ఆ వెనక ఇంకో గది ఉందనిపించేటట్టు నీడలు వేశాడు ఆ మహానుభావుడెవరో. నేను కుంచె పట్టింది ఆ నీడల కోసమే. బోర్డులు రాసింది అన్నం కోసం.

ఆ ఫోటో చూసినప్పటి నుంచి నేను ఇంట్లో కూర్చోవడం మానేశాను. పొద్దున ఐదున్నరకు లేచి వీధులు తిరుగుతున్నాను. డాక్టరు నడవమని రెండేళ్ళుగా చెప్తున్నాడు, అప్పుడు నడవలేదు. మా పక్క సందులో ఒక పెద్దామె పదిహేను చుక్కల ముగ్గు పెడుతుంది. గీత ఎక్కడ మొదలైందో ఎక్కడ కలిసిందో నిలబడి చూసినా దొరకదు. నేను సుద్దదారం కొట్టకుండా ఏనాడూ సరైన గీత గీయలేదు, ఆమెకు రెండు వేళ్ళు చాలు. బండి మీద కారందోసె పోసే కుర్రోడు అట్లకాడతో పెనం మీద కొట్టే దరువు ఒకటుంది. ఊరికే కొడతాడనుకున్నాను గానీ, పిండి వేయకముందు ఒక రకం, దోసె తిప్పేటప్పుడు ఇంకో రకం. అడిగితే నవ్వాడు. "మా నాయన పీర్ల పండగకు తప్పెట కొట్టేవాడు సార్" అన్నాడు.

ఒకరోజు ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలు ఐదారుమంది ఒక కాంపౌండు గోడకు బొమ్మలు వేస్తున్నారు. పాత సున్నం మీదనే రంగు పూస్తుంటే నోరు ఊరుకోలేదు. "అమ్మా, సున్నం గోకి ప్రైమరు కొట్టకపోతే వానకు పెచ్చులు లేస్తుంది" అన్నాను. ఒక పాప మర్యాదగా బ్రష్షు నా చేతికిచ్చి, "తాతా, కింద 'శ్రీ' రాయండి" అంది. బోర్డు పనిలో చెయ్యి తిరిగిందా లేదా అనేది శ్రీలోనే తెలుస్తుంది. నా చెయ్యి వణికింది. వంపు దగ్గర కొంచెం లావైంది. అయినా పిల్లలు చప్పట్లు కొట్టి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. ఆ రోజు ఇంట్లో ఆ సంగతి మూడుసార్లు చెప్పాను. మూడోసారి మా ఆవిడ, "సరేలే, అన్నం తిను" అంది.

ఉగాదికి దేవుని కడప గుడిలో ముస్లింలు వరుసలో నిలబడిన ఫోటో మీరు ఏటా వేస్తారు, పెద్ద దర్గా ఉరుసుకు పేజీలు కేటాయిస్తారు. చాలా సంతోషం. కానీ అవి ఏటికొకసారి. మిగతా రోజుల్లో సాయంత్రం అన్నం తిని ఎక్కడికి పోవాలో నాకు మీరే చెప్పాలి.

చోటు చాలదంటారేమో. ముగ్గులు, దోసెల సంగతి అడగను, అవి నేను వెతుక్కుంటాను. ఎక్కడ, ఏమిటి, ఎన్ని గంటలకు, మూడే మాటలు. బోర్డు రాసినవాణ్ణి, అక్షరాలు లెక్కపెట్టడం నాకు తెలుసు, ఒక్క లైనులో పడుతుంది. వాట్సాప్ నంబరు ఒకటి ఇచ్చి, ముందురోజు మధ్యాహ్నం లోపల పంపమనండి. పేర్లు వేయకపోయినా ఫరవాలేదు.

ఆ నాటక సమాజం వాళ్ళను వెతికి పట్టుకున్నాను. చుక్క చెరిపేస్తానన్నాను. వాళ్ళు ఒప్పుకోలేదు. తెర పెట్టెలో అడుగున పడి ఉంటే శ్మశానం తెర ఏదో గుర్తుపట్టేది దాని వల్లనే అంట.

మొదటి లైను నేనే పంపుతున్నాను. శనివారం రాత్రి 8 గంటలకు ఎర్రముక్కపల్లి, మా వీధి రామాలయంలో చెక్కభజన. ఈ ఉత్తరం అప్పటికి అచ్చు కాకపోతే, వచ్చే శనివారం కూడా ఉంది.

ఇట్లు,
ఒక పాత బోర్డు ఆర్టిస్టు,
ఎర్రముక్కపల్లి, కడప